పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తే ఏం మిగులుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేస్తోంది. ఏలికపాముల్లో నాడీకణాలు ఎలా పెరుగుతాయి, ఎలా పాడవుతాయి అన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మందుల పరిశోధనలో ఏఐ కోర్సు చేస్తే త్వరగా ఉద్యోగం వస్తుంది కదా అని మేమంటున్నాం. ఐదారేళ్లు పురుగులతో గడిపితే భవిష్యత్తు ఉంటుందా? రెండు దారులూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను కానీ, ముందు ఇంకో మాట. ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఒకరి పిల్లాడు ఈగల మీద, ఇంకొకరి అమ్మాయి ఈస్ట్ మీద పనిచేస్తానంటారు. తల్లిదండ్రులు పైకి అడిగేది ఉద్యోగం గురించే. అసలు టెన్షన్ వేరు. ఇంత చదివించాక పిల్ల ఎవరికీ పట్టని ఓ మూలన చిక్కుకుపోతుందేమోనని. మీ అమ్మాయి ఎంచుకున్నది అలాంటి మూల కాదు. నిశ్చింతగా ఉండండి.

అది పేగుల్లో ఉండే ఏలికపాము కూడా కాదు. ఆ జాతికి దూరపు చుట్టం, పేరు సి. ఎలిగాన్స్. కుళ్లుతున్న ఆకుల్లో, పండ్లలో బ్యాక్టీరియా తిని బతుకుతుంది, మనుషులకు ఏ హానీ చేయదు. పొడవు ఒక మిల్లీమీటరు. ఒళ్లంతా పారదర్శకం కాబట్టి, బతికుండగానే లోపలి కణాలను మైక్రోస్కోప్‌లో చూడొచ్చు. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు మూడు రోజులు చాలు. నాడీకణాలు 302, అంతే. ఏ కణం దేన్నుంచి పుట్టిందో, దేనితో కలిసిందో పూర్తి పటం ఉంది. 1960లలో సిడ్నీ బ్రెనర్ అనే శాస్త్రవేత్త దీన్ని ఎంచుకున్నది చిన్నది, పారదర్శకం, త్వరగా పెరుగుతుంది అని. ఆ పటం తర్వాత వచ్చింది.

ఈ పురుగు పెరిగేటప్పుడు పుట్టే 1,090 శరీర కణాల్లో 131 ఒక క్రమం ప్రకారం చచ్చిపోతాయి. వాటిలో ఎక్కువ భాగం నాడీకణాలు కావలసినవే. చావమని చెప్పే జన్యువులేవో రాబర్ట్ హార్విట్జ్ బృందం పట్టుకుంది. 2002లో బ్రెనర్, హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు నోబెల్ వచ్చింది. ఆ చావును ఆపే సెడ్-9 అనే పురుగు ప్రొటీన్, మనిషిలోని బీసీఎల్-2 అనే ప్రొటీన్ ఒకే కుటుంబానివి. ఇప్పుడు కొన్ని రక్త కేన్సర్లకు వాడుతున్న వెనెటోక్లాక్స్ అనే మందు అడ్డుకునేది ఈ బీసీఎల్-2నే. పురుగుకీ మనిషికీ ఏం సంబంధం అని మీరు అడగకపోయినా, మీ ప్రశ్న వెనకున్నది అదే కదా!

ఇక నాడీకణాలు పాడవడం. ఈ పురుగుకు మెత్తని స్పర్శ తెలియడానికి ఆరు నాడీకణాలున్నాయి. మెక్-4 అనే జన్యువులో ఒక రకం మ్యుటేషన్ వస్తే కణం పొరలోని ద్వారం మూతపడదు, సోడియం లాంటి అయాన్లు లోపలికి పోటెత్తి కణం ఉబ్బి చచ్చిపోతుంది. స్పర్శ కణాల మీద ఈ పని చేసిన మార్టిన్ చాల్ఫీయే 1994లో ఆకుపచ్చగా వెలిగే ఒక ప్రొటీన్ సాయంతో వాటిని వెలిగించి చూపించారు. ఆ ప్రొటీన్ మీద చేసిన పనికి 2008లో నోబెల్ వచ్చింది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేవి డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు; అవి దీనిలో ఎనిమిదే. అవి పాడవుతుంటే ఎన్ని మిగిలాయో ఒక విద్యార్థి కూర్చుని లెక్కపెట్టగలదు. లేజర్‌తో నరం పోగును తెంపి, అది మళ్లీ పెరుగుతుందో లేదో మర్నాడు చూడగలదు. ఎలుకల్లో ఇలాంటి ప్రయోగానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ప్రశ్న వేసుకోవడం నుంచి జవాబు తేల్చడం దాకా మొత్తం తన చేత్తో చేసే అవకాశం పీహెచ్‌డీలో అందరికీ దొరకదు.

ఏఐ సంగతికొద్దాం. నాకు దాని మీద కోపం లేదు, కొన్ని నెలల కోర్సుల మీద అనుమానం ఉంది. ప్రొటీన్ ఆకారాలను ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని తయారుచేసినవాళ్లకు 2024లో నోబెల్ వచ్చింది, నిజమే. కానీ అది నేర్చుకున్నది దేన్నుంచి? దశాబ్దాలపాటు ల్యాబుల్లో ఒక్కొక్కటిగా తేల్చి దాచిన ప్రొటీన్ నిర్మాణాల నుంచి. ఆకారం తెలిసినంత మాత్రాన ఫలానా నాడీకణం ఎందుకు చచ్చిందో తెలిసిపోదు. టూల్ నేర్పే కోర్సు, ఆ టూల్ పాతబడగానే పాతబడుతుంది. జీవశాస్త్రం లోతుగా తెలిసి, పైథాన్‌లో ప్రోగ్రాములు కూడా రాయగలిగితే విలువ వేరు. అది ఈ పీహెచ్‌డీలోనే కుదురుతుంది, వేలకొద్దీ ఇమేజీలను విశ్లేషించే పని ఎలాగూ ఉంటుంది.

లోపాలూ చెప్పాలి. మన నరాల మీద తొడుగులా ఉండే మైలిన్ పొర ఈ పురుగు నరాలకు లేదు. మెదడులోకి మందులు పోకుండా అడ్డుకునే గోడ లేదు. దీనిలో పనిచేసిన మందు మనిషిలో పనిచేయకపోవచ్చు. మందుల వైపే వెళ్లాలనుకుంటే తర్వాత ఎలుకల్లోనో మనిషి కణాల్లోనో అనుభవం సంపాదించాలి. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దని చెప్పండి.

ఇప్పుడు కాస్త కటువుగా అంటున్నాను, ఏమనుకోకండి. ఇంత రాశారు, ఏ ల్యాబ్‌లో, ఎవరి దగ్గర చేరుతోందో ఒక్క ముక్క రాయలేదు. ఆమెను అడిగారా అసలు? ఆ గైడ్ దగ్గర ముందు చదివినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు, పేపర్లలో విద్యార్థి పేరు ముందుంటుందా? జీవితం తేలేది వీటి దగ్గర. పురుగు పేరు విని ముఖం చిట్లించడం తేలిక, ఇవి కనుక్కోవడానికి ఓపిక కావాలి.

వీలైతే చేరేముందు అదే ల్యాబ్‌లో రెండు మూడు నెలలు ప్రాజెక్టు చేయమనండి. సన్నని ప్లాటినం తీగతో పురుగుల్ని ఒక్కొక్కటిగా ఎత్తి వేరే ప్లేటులోకి మార్చే పని రోజూ ఉంటుంది. విసుగనిపిస్తే ఆమే వచ్చి చెబుతుంది. విసుగు రాలేదంటే, ఏఐ కోర్సు ప్రకటనలు ఆమె ఫోన్‌కు పంపడం ఇక మానేయండి.