/ఈటీసీలో పాత వెర్షన్ తెచ్చుకుంటే షాడో ఫైలు పర్మిషన్లు మారాయి: సమాధానం

/ఈటీసీని (లినక్స్ సెట్టింగుల ఫోల్డర్) గిట్‌లో (ఫైళ్ల పాత వెర్షన్లు దాచే టూల్) పెట్టి, పాత వెర్షన్ తెచ్చుకుంటే షాడో (యూజర్ల పాస్‌వర్డ్ వివరాలుండే ఫైలు) పర్మిషన్లు మారాయన్నారు. తప్పు మీది కాదండీ, గిట్‌ది కూడా కాదు. ఫైలు ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రాంలా నడిచేది) అవునా కాదా అన్నది తప్ప గిట్ పర్మిషన్లూ ఓనర్ల జోలికి పోదు. అందుకే చెకౌట్ చేయగానే (పాత వెర్షన్ తెచ్చుకోగానే) షాడో 644 (ఎవరైనా చదవగలిగేది) అయి కూర్చుంది. ముందు దాన్ని 640కి (ఓనర్, గ్రూప్ తప్ప వేరేవాళ్లు చదవలేరు), ఓనర్ రూట్, గ్రూప్ షాడోకి మార్చండి. ఉబుంటూ అన్నారు కాబట్టి తర్వాత, /ఈటీసీని గిట్‌లో చూసుకునే ఈటీసీకీపర్ అనే టూల్ పెట్టుకోండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఈటీసీకీపర్
సుడో ఈటీసీకీపర్ ఇనిట్
సుడో ఈటీసీకీపర్ కమిట్ "మొదటిది"

ఇది పర్మిషన్లను .ఈటీసీకీపర్ అనే ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. ఆప్ట్‌తో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా, తీసేసినా తనే కమిట్ చేస్తుంది (మార్పును గిట్‌లో నమోదు చేస్తుంది). ఒక్కటి మాత్రం నేనూ మర్చిపోయి తిప్పలు పడ్డాను: పాతది చెకౌట్ చేశాక మళ్లీ 'ఈటీసీకీపర్ ఇనిట్' కొడితేనే పర్మిషన్లు వెనక్కి వస్తాయి. ఇంకా, ఈ రిపోని (గిట్ దాచిన ఫైళ్లూ, వాటి చరిత్రా) పొరపాటున కూడా పబ్లిక్‌గా పుష్ చేయకండి (ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టకండి), పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ల గుప్త రూపాలు) అందులోనే ఉంటాయి.