తిరుపతి చుట్టుపక్కల వదిలేసిన పాత రోడ్లు, వంతెనలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఉద్యోగం మీద కొత్తగా తిరుపతి వచ్చానని, ఆదివారాలు బండేసుకుని వాడకంలో లేని పాత రోడ్లూ వంతెనలూ చూడాలని ఉందని, ఎక్కడున్నాయో, వెళ్తే ప్రమాదమేమైనా ఉంటుందో చెప్పమని అడిగారు. నేను పుట్టి పెరిగింది చంద్రగిరి పక్కనే. ఈ పిచ్చి నాకు పన్నెండేళ్ల నుంచీ ఉంది. నేను హెల్మెట్ తీస్తే చాలు, మా అమ్మ "మళ్లీ బయల్దేరినాడు" అంటుంది.

పాత వంతెన కోసం మ్యాపులో వెతికితే దొరకదు. కొత్త రోడ్డు నేరుగా పోయిన చోట వెతకాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పాత వంపుల్ని కోసేసి నేరుగా వేస్తారు. కోసేసిన ముక్క పక్కనే కొడవలిలా పడి ఉంటుంది. తిరుపతి నుంచి చంద్రగిరి, పాకాల, దామలచెరువు వైపు పోతూ చూడండి. రోడ్డుకి కాస్త దూరంగా, చేల మధ్యలో రెండు వరసల ముసలి చింతచెట్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. మధ్యలో కంప తప్ప ఏమీ ఉండదు. అదే పాత రోడ్డు. దగ్గరికెళ్తే మాను మీద వెలిసిపోయిన తెల్ల పట్టీ, నల్ల అంకె కనిపిస్తాయి. రోడ్డు పక్క చెట్లకి నంబర్లేసి, ఏటా చింతకాయలకి పాట పెట్టేవాళ్లు, ఆ లెక్క అది.

ఇంకో గుర్తు ఇళ్లు. హైవేకి వీపు తిప్పిన ఇళ్లు నాలుగు వరసగా కనిపిస్తే బండి ఆపండి. వాటి అరుగులు, రాములవారి గుడి వాకిలి అన్నీ అటు వైపే ఉంటాయి. ఒకప్పుడు బస్సు ఆ ముందు నుంచే పోయేది. ఒక చోట ఇప్పటికీ టీ అంగడి పాత రోడ్డు మీదే ఉంది. "హైవే మీదికి మార్చొచ్చు కదా పెద్దాయనా" అంటే, "ఆడ ఆపేదెవరు నాయనా, అందరూ పరిగెత్తేవాళ్లే" అన్నాడు. అంగడికి ఎదురుగా సగం మట్టిలో కూరుకుపోయిన మైలురాయి ఒకటుంది, దాని మీద ఆయన బీడీకట్ట పెట్టుకుంటాడు.

రైలు పిచ్చి కూడా ఉంటే పాకాల వెళ్లండి. అటు కాట్పాడి, ఇటు తిరుపతి, మరోపక్క ధర్మవరం పోయే లైన్లు ఒకప్పుడు మీటర్ గేజ్. పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. బ్రాడ్ గేజ్‌కి 1676 మిల్లీమీటర్లు కావాలి, బండ్లూ బరువే. అందుకని లైను మార్చినప్పుడు కొన్ని చోట్ల కొత్త వంతెన పక్కన వేసి, పాతదాని స్తంభాల్ని అలాగే వదిలేశారు. పైన ఏమీ లేకుండా రాతి స్తంభాలు మాత్రం వాగులో వరసగా నిలబడి ఉంటే, పెళ్లయిపోయాక పందిరి గుంజల్లా ఉంటాయి. వాటిని వాగులోంచే చూడండి. పట్టాల మీద నడిస్తే నేరం, ఆరు నెలల దాకా జైలు వెయ్యొచ్చు. ఫొటో కోసం పట్టాలెక్కేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ప్రమాదం సంగతి. అందరూ వంతెన కూలుతుందని భయపడతారు. నా అనుభవంలో వంతెనకంటే దాని వెనక మట్టిని చూసి భయపడాలి. స్వర్ణముఖిది ఇసుక నది, ఏడాదిలో చాలా రోజులు ఎండి ఉంటుంది. వరద వచ్చినప్పుడు మాత్రం నదికి అడ్డంగా ఎత్తు తక్కువగా కట్టిన చప్టా తూములు ఆ నీళ్లని మింగలేవు. నీళ్లు పక్క దారి చూసుకుని, రోడ్డుకీ చప్టాకీ మధ్యనున్న మట్టిని తవ్వేస్తాయి. 2021 నవంబరులో స్వర్ణముఖిలోకి నీళ్లొదిలే కల్యాణి డ్యాం గేట్లెత్తినప్పుడు, పైన వానలూ కలిసి వచ్చినప్పుడు జరిగిందదే. వంతెన నిలబడే ఉంటుంది, దాన్ని చేరుకునే రోడ్డు ఉండదు.

ఆ మరుసటేడు మా బావమరిదితో కలిసి అలా తెగిపోయిన చప్టా ఒకటి చూడ్డానికి పోయాను. తారు బాగానే ఉంది, తెల్ల గీత కూడా చెరగలేదు. అంచు దాకా పోయి నది ఫొటో తీస్తున్నా. అవతల మేకలు కాసుకునే ఆమె గట్టిగా అరిచింది: "ఓ అబ్బయ్యా, ఎనక్కి రా, కింద ఏమీ లేదు!" వెనక్కొచ్చి, గట్టు దిగి పక్కనుంచి చూస్తే నిజమే. పెనం దాటిపోయిన దోసె అంచులాగా తారు గాల్లో వేలాడుతోంది. కింద మనిషి వంగి దూరేంత గుల్ల. నేను నిలబడిన చోట మందం జానెడు కూడా లేదు. మా బావమరిది నెల రోజులు నాతో రాలేదు.

అప్పటినుంచీ నా పద్ధతి ఒకటే. ముందు గట్టు దిగి పక్కనుంచి చూస్తా, తర్వాతే పైకెక్కుతా. కమాను కింద దూరేముందు తేనెపట్టు ఉందేమో తలెత్తి చూస్తా. ఎండాకుల్లో కాలు పెట్టేముందు కర్రతో తడతా, మా వైపు రక్తపింజరలు ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాగుల జోలికే పోను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున ఆరింటికి బయల్దేరితే హాయి.

శేషాచలం అడవిలో పాత దారులున్నాయని ఎవరైనా ఊరిస్తే మాత్రం వద్దనండి. చిరుత భయం ఒకటి, ఎర్రచందనం గొడవ ఇంకొకటి. అనుమతి లేకుండా సంచి వేసుకుని తిరిగేవాణ్ణి చూస్తే ఫారెస్టోళ్లు "పాత వంతెన చూద్దామని సార్" అన్న మాట నమ్మరు. కొండ మీద పాతదారి చూసిన సంతోషం కావాలంటే, తిరుమల నుంచి బస్సులో దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు అదే. ఇప్పటికీ పని చేస్తోంది కాబట్టి మన లెక్కలోకి రాదనుకోండి.

మొదటిసారికి పాకాల దారిలో ఆ టీ అంగడి వెనకున్న మూడు కమానుల మోరీ, అంటే చిన్న వంతెన, చూడండి. ఇటుకల మధ్య సున్నం గార ఇంకా గట్టిగా ఉంది, గోరు దిగదు. త్వరగా వెళ్లండి. మొన్న సంక్రాంతికి పోతే దాని పక్క చేలో ప్లాట్ల హద్దురాళ్లు పాతి, పసుపు రంగు కూడా వేసేశారు.