వీడియో తీసే ముందు ఒక మాట

చి. అమ్మాయికి ఆశీస్సులు.

స్క్రిప్టు చదివాను. ముందు తెర మూలన సంజ్ఞ భాష ఇంటర్‌ప్రెటర్‌ను చూపే ఆ చిన్న డబ్బా తీసేయ్. వేధింపుల నుంచి బయటపడ్డ బధిరుల కోసం తీసే వీడియోలో సంజ్ఞలు చేసే మనిషే తెర నిండా ఉండాలి, ఆ మనిషీ బధిరులైతే మరీ మేలు. చిన్నప్పటి నుంచీ సంజ్ఞలతో పెరిగినవాళ్లలో చాలామందికి రాత రెండో భాష. క్యాప్షన్లు పెట్టాం కదా అని ఊరుకుంటే చాలదు.

స్క్రిప్టును మాటకు మాటగా సంజ్ఞల్లోకి దించకు, సంజ్ఞ భాష వ్యాకరణమే వేరు. భావం చెప్పి బధిర అనువాదకురాలికి వదిలేయ్. ఆమె చేసినదాన్ని స్క్రిప్టు చూడని ఇంకొకరి చేత తిరిగి మాటల్లోకి రాయిస్తే తేడాలు బయటపడతాయి. ‘సమ్మతి’కి స్థిరపడిన సంజ్ఞ లేకపోతే వేళ్లతో అక్షరాలు చూపి దాటేయొద్దు, ‘ఆమె వద్దంది, అతను ఆగలేదు’ అని సందర్భం చూపించాలి. లైంగిక దాడిని చెప్పే సంజ్ఞ ఆ పనినే కళ్లకు కట్టేలా ఉండొచ్చు. ఏది వాడాలో బాధితులతో పనిచేసే బధిరులనే అడుగు. ఇలాంటి విషయాలు వస్తాయన్న హెచ్చరిక కూడా మొదట్లో సంజ్ఞలోనే రావాలి.

ఫ్రేము తలపైన కాస్త ఖాళీతో మొదలై నడుము కింది దాకా, మోచేతులు చాపినా లోపలే ఉండేట్టు పెట్టు. ఒకే రంగు బట్టలు, చర్మం రంగుకు బాగా తేడాగా. మెరిసే నగలు వద్దు. లైటు రెండు పక్కల నుంచీ పడాలి. ఒకవైపే పడితే కనుబొమలు నీడలో పోతాయి, అడుగుతున్నారో చెబుతున్నారో తెలిపేది చాలాసార్లు ఆ కనుబొమలే. సెకనుకు 50 ఫ్రేములు, షట్టర్ 1/125 సెకను దగ్గర ఉంచు, లేకపోతే వేళ్లు అలుక్కుపోతాయి. క్యాప్షన్లు రెండు వరుసలు దాటకూడదు, చేతుల మీద పడకూడదు. తెరమీద బొమ్మ చూపేటప్పుడు సంజ్ఞలు ఆపించు. కళ్లు రెండుచోట్ల ఉండలేవు.

బాధితురాలి ముఖం మసక చేస్తామన్నావు. చేస్తే సగం వ్యాకరణం పోతుంది. పైగా చేతుల తీరు చూసి ఆమె ఎవరో గుర్తుపట్టేస్తారు, బధిరుల లోకం చిన్నది. ఆమె ఒప్పుకుంటే ఆ కథను మరో బధిర నటి చేత చెప్పించు. ఊరు, ఉద్యోగం, పిల్లల సంఖ్య మార్చేయ్. వీడియో ఎక్కడెక్కడ వేస్తారో, తర్వాత ఆమె కాదంటే ఏం చేస్తారో సంజ్ఞల్లో వివరించాకే సంతకం. విరాళాల వీడియోకి వాడాలంటే మళ్లీ విడిగా అడగాలి.

వినేవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గుట్టుగా వింటారు. సంజ్ఞలనైతే గదికి అవతల నిలబడి కూడా చదివేయొచ్చు. అందుకే థంబ్‌నెయిల్‌లో, అంటే వీడియో తెరవకముందు కనిపించే బొమ్మలో, వేధింపుల ఊసు వద్దు, నిడివి రెండు మూడు నిమిషాలే, పేజీలో చటుక్కున మూసే బటన్ ఉండాలి. ఆ బటన్ బ్రౌజర్ హిస్టరీని చెరపదని కూడా సంజ్ఞలో చెప్పించు.

చివర్లో ఫోన్ నంబరు ఒక్కటే వేశావేమ్మా! మెసేజ్, వీడియో కాల్ దారులు చేర్చి, కనీసం 10 సెకన్లు తెరపై నిలుపు. కాల్ ఎత్తేవైపు సంజ్ఞలు తెలిసిన మనిషి కుదిరేదాకా వీడియో విడుదల చేయకు.

నీ పెద్దమ్మ