పెప్టైడ్ కలిపినా ఎన్‌కే కణాలు ఆగట్లేదంటే ముందు టెంపరేచర్ చూడండి

పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) కలిపినా ఎన్‌కే కణాలు (తేడాగా కనిపించే కణాలను చంపే రోగనిరోధక కణాలు) చంపడం ఆపట్లేదెందుకని అడిగారు. పెప్టైడ్ మీద అనుమానం తర్వాత, ముందు హెచ్‌ఎల్‌ఏ-ఇ (పెప్టైడ్‌ని పట్టుకుని ఎన్‌కే కణాలకు చూపించే ప్రోటీన్) కణం ఉపరితలం మీదికి వచ్చిందో లేదో చూడాలి. కే562-హెచ్‌ఎల్‌ఏ-ఇ కణాలకు (హెచ్‌ఎల్‌ఏ-ఇ తయారుచేసేలా మార్చిన లుకేమియా కణాలు) వీఎంఏపీఆర్‌టీఎల్‌ఎఫ్‌ఎల్ అనే పెప్టైడ్ కలిపి 37 డిగ్రీల్లో గంట ఉంచి, కడిగేసి, నేరుగా కిల్లింగ్ అస్సేకి (ఎన్‌కే కణాలు ఎన్నిటిని చంపాయో కొలిచే పరీక్ష) వెళ్లానన్నారు కదా, తేడా అక్కడే కొట్టి ఉంటుంది.

1. సీరం లేని మీడియంలో, 26 డిగ్రీల్లో, పెప్టైడ్‌తో రాత్రంతా ఉంచండి. చల్లగా ఉంటే ఖాళీ హెచ్‌ఎల్‌ఏ-ఇ పైన కొంతసేపు నిలుస్తుంది, పెప్టైడ్ పట్టుకోవడానికి టైం దొరుకుతుంది. 300 మైక్రోమోలార్ దాకా వాడేవాళ్లున్నారు, తక్కువ వేసి పిసినారితనం చూపించకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కడిగేశాక అస్సే 37 డిగ్రీల్లో నడుస్తుంది, ఆ కొన్ని గంటల్లో పెప్టైడ్ ఊడిపోతూ ఉంటుంది, హెచ్‌ఎల్‌ఏ-ఇ కూడా దాంతోపాటే పడిపోతుంది. అందుకే అస్సే బావుల్లో (ప్లేట్‌లోని చిన్న గుంటలు) కూడా అదే పెప్టైడ్ ఉంచండి. పెప్టైడ్ లేని బావుల్లో అంతే డీఎంఎస్ఓ (పెప్టైడ్‌ని కరిగించే ద్రావకం) వేయండి.

3. ఎన్‌కే కణాలు కలిపే ముందు హెచ్‌ఎల్‌ఏ-ఇకి అంటుకునే 3డీ12 యాంటీబాడీతో ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది ప్రోటీన్‌ని మెరుపుతో కొలిచే పద్ధతి) చూడండి. పెప్టైడ్ లేని ట్యూబ్ కంటే సిగ్నల్ పెరగకపోతే అక్కడే ఆగిపోండి, డోనర్ రక్తం వేస్ట్ చేయొద్దు.

4. సిగ్నల్ బాగానే ఉన్నా చంపడం తగ్గకపోతే డోనర్‌ని అనుమానించండి. హెచ్‌ఎల్‌ఏ-ఇలో ఉన్న ఈ పెప్టైడ్‌ని ఎన్‌కే కణాన్ని ఆపే రిసెప్టర్ ఎన్‌కేజీ2ఏ మాత్రమే కాదు, ఉసిగొల్పే రిసెప్టర్ ఎన్‌కేజీ2సీ కూడా గుర్తిస్తుంది, సీఎంవీ (సైటోమెగలోవైరస్) సోకిన కొందరిలో ఎన్‌కేజీ2సీ ఉన్న కణాలు బాగా పెరిగి ఉంటాయి. ఎన్‌కేజీ2ఏ ఉండి 2సీ లేని కణాల మీదే గేట్ పెట్టి (ఫ్లోలో వాటినే ఎంచుకుని) సీడీ107ఏ (ఎన్‌కే కణం దాడి చేసినప్పుడు దాని పైకి వచ్చే గుర్తు) చూడండి.