ముందు మీ అన్నగారితో మాట్లాడండి

వనస్థలిపురం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది: "నేను ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి దాకా అన్నింటిలోనూ ముందుండేది. ఇప్పుడు లెక్కలు ఫరవాలేదు గానీ కెమిస్ట్రీలో బాగా వెనకబడింది. పుస్తకం ముందు కూర్చోబెడితే మ్యాపులు గీస్తుంది. కంప్యూటర్ ఇంజనీరింగ్ వద్దట, నేలకూ నీళ్లకూ సంబంధించిన చదువు చదువుతుందట. నన్ను చదివించింది మా అన్నయ్య. ఇంట్లో ఒక్కరైనా కంప్యూటర్ ఇంజనీరు కావాలని ఆయన కోరిక. ర్యాంకు రాకపోతే బి కేటగిరీ (యాజమాన్య కోటా) సీటు కోసం ఎకరం అమ్మి ఇస్తానని కూడా అన్నారు. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో డేటా సైన్స్ తీసుకోవాలా, ఏఐ-ఎంఎల్ తీసుకోవాలా? అమ్మాయిని ఎలా ఒప్పించాలి?"

మీ మొదటి ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పి పక్కన పెడతాను: కళాశాల మంచిదై, పాఠం చెప్పేవారు ఉంటే సీఎస్ఈ వెనక ఏ పేరు తగిలించినా పెద్ద తేడా ఉండదు, అవి లేకపోతే ఏ పేరూ ఆదుకోదు. రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఈ వ్యవహారంలో ఒప్పించవలసింది మీ అమ్మాయిని అని నాకు అనిపించడం లేదు.

నాలుగు పేజీల మీ ఉత్తరంలో "అన్నయ్య" అన్న మాట పదిహేడు చోట్ల ఉంది. అమ్మాయి గురించి రాసినదంతా ఏరి కలిపితే ఒక పేజీ నిండదు, అందులోనూ సగం మార్కులే. మీ శ్రీమతి అభిప్రాయం ఏమిటో ఎక్కడా లేదు. మీ నాన్నగారు పోయిన ఏడాదే అన్నగారు పదో తరగతితో చదువు మాని నాగలి పట్టడం, మీ డిగ్రీ ఫీజుకు కాడెడ్లను అమ్మడం, నల్లగొండలో మీరు అద్దెకున్న గదికి నెలనెలా బియ్యం మూట మోసుకొచ్చి, ఒక పూటైనా ఆగకుండా మళ్లీ బస్సెక్కి వెళ్లిపోవడం, ఇవన్నీ మీరు రాసిన తీరుకు నా కళ్లు చెమర్చాయి. అలాంటి అన్నగారున్న మనిషి ఆయన మాటను జవదాటలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన మీద మీకున్న గౌరవాన్ని ఒక్క వీసమైనా తగ్గించుకోమని చెప్పే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఆ ఋణం మీది. మీ సంపాదనతో, మీ సేవతో, మీ సమయంతో మీరే తీర్చుకోవాలి. ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయని రాశారు, నగరానికి తీసుకొచ్చి ఎన్నిసార్లు వైద్యుడికి చూపించారో రాయలేదు. పదిహేడేళ్ల పిల్ల చదవబోయే నాలుగేళ్లనూ, ఆ తర్వాత చేయబోయే ముప్పై ఏళ్ల ఉద్యోగాన్నీ తీసుకెళ్లి అన్నగారి ముందు పెడితే అది కృతజ్ఞత అవుతుందంటే నేను ఒప్పుకోను. తండ్రి చేసిన అప్పుకు బిడ్డలు వెట్టి చేసిన రోజులను మన పల్లెలు చూశాయి, నల్లగొండ మనిషికి ఆ సంగతి నేను చెప్పనక్కర లేదు. మీ అన్నదమ్ముల మధ్య ఉన్న ప్రేమలోకి ఆ బాపతు లెక్కను రానివ్వకండి.

నాలుగో పేజీ చివర, ఖాళీ చాలక అంచున అడ్డంగా, "అన్నయ్యకు అమ్మాయి మాట ఇంకా చెప్పలేదు" అని రాశారు. నా దృష్టిలో ఉత్తరమంతటికీ కీలకమైన వాక్యం అదే. దసరాకు ఊరెళ్లి నాలుగు రోజులుండి వచ్చారు, చెప్పలేదు. ఆయన బాధపడతారని మీరే అనుకుని, ఆయన కాదంటారని మీరే తీర్పు చెప్పుకుని, ఆ తీర్పును అమ్మాయి మీద అమలు చేయబోతున్నారు. జీవితంలో అంత త్యాగం చేసిన మనిషికి ఒక నిజం విని ఆలోచించే శక్తి ఉంటుందని మీరు నమ్మకపోవడం ఆయనకు గౌరవం కాదు. మీ భయానికి ఆయన పేరు పెడుతున్నారేమో ఆలోచించుకోండి.

ఇప్పుడు అమ్మాయి దగ్గరికి వద్దాం. 2020 అక్టోబరు వానలకు మీ కాలనీ మునిగినప్పుడు ఆ పిల్ల ఏడో తరగతి. కింది వాటా నిండా నీళ్లొస్తే రెండు రాత్రులు ఎదురింటి మేడ మీద తలదాచుకున్నామని రాశారు. నీళ్లు తీశాక ఆమె చేసిన పనిని మీరు "పిచ్చి" అన్నారు: స్కేలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, గోడల మీద తడి ఆనవాలు ఎంత ఎత్తున ఉందో కొలిచి, ఏ వీధిలోకి నీళ్లు ఎటువైపు నుంచి వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, డ్రాయింగు షీటు మీద గీసుకుంది. మరుసటి వానాకాలం మళ్లీ గీసింది. ఎవరూ చెప్పకుండా, మార్కులు రాకపోయినా, కోప్పడినా మానకుండా ఐదేళ్లుగా ఒక పిల్ల ఒకే పని చేస్తోందంటే దాన్ని కాలక్షేపం అనడానికి వీల్లేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పాను. పిల్లల బలం ఎక్కడుందో మార్కుల జాబితాలో కనిపించిన సందర్భాలు తక్కువ, వాళ్లు తమ తప్పును తామే వెతుక్కుని దిద్దుకునే చోట కనిపించిన సందర్భాలు ఎక్కువ. మీ అమ్మాయి కెమిస్ట్రీలో తప్పు చేస్తే పేజీ తిప్పేస్తుంది, మ్యాపులో నాలా (వాననీటి కాలువ) వంపు తప్పు పడితే షీటంతా చెరిపి మళ్లీ గీస్తుంది. ఇది కూడా మీ ఉత్తరంలోదే, ఫిర్యాదుగా రాశారు. కొలత, దిక్కు, ఎత్తుపల్లాల ఊహ, మనుషులను అడిగి సమాచారం రాబట్టడం, ఓపికగా నమోదు చేయడం: పెద్ద పరీక్షల్లో వీటికి విడిగా మార్కులుండవు, వీటితో బతికే వృత్తులు మాత్రం ఉన్నాయి.

ఈ నగరానికి ఆ వృత్తుల విలువ తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకున్న తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నది ఎక్కడ పుట్టి, ఎన్ని చెరువుల నీళ్లు కలుపుకుని నగరంలోకి వస్తోందో లెక్క కట్టాకే ఎగువన నీళ్లను ఆపాలన్న ఆలోచన స్థిరపడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా పూర్తయ్యాయి. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని జాగా) అన్న మాటలు ప్లాటు కొనే ప్రతి ఇంట్లోనూ వినిపిస్తున్నాయి. చెరువు నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో గీత గీయడం మీ అమ్మాయి ఏడో తరగతి నుంచి చేస్తున్న పనే.

చదువుల సంగతి. జేఈఈ మెయిన్ అనగానే మనకు బీటెక్ పేపరే గుర్తొస్తుంది. అందులోనే బి.ప్లానింగ్ (పట్టణ ప్రణాళిక డిగ్రీ) కోసం పేపర్-2బి అని విడిగా ఉంది. లెక్కలు, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు ఉంటాయి, కెమిస్ట్రీ ఉండదు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో నాలుగేళ్ల బి.ప్లానింగ్‌కు ఆ ర్యాంకే ఆధారం. మన మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం)లోనూ ప్లానింగ్ చదువు ఉంది. అది కుదరకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాసి సివిల్ ఇంజనీరింగ్ తీసుకోవచ్చు. సర్వేయింగ్, జలవనరులు అందులో పాఠ్యాంశాలే, తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో జియోమాటిక్స్ (నేలను కొలిచి మ్యాపులు చేసే శాస్త్రం) పేపరు రాసి పైచదువుకు వెళ్లే దారి ఉంది. సైన్సు మీదే మక్కువ నిలిస్తే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్ ద్వారా జాగ్రఫీ గానీ జియాలజీ గానీ ఉన్న డిగ్రీలో చేరి, ఉస్మానియాలో పీజీ చేయవచ్చు. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో, భూమి లోపలి పొరలను పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ రోడ్డులో ఉన్నాయి. ఈ పనికి కేంద్రమైన నగరంలో ఉంటూ దీనికి దిక్కేమిటని మీరు అడగకూడదు. నా ఓటు ప్లానింగుకు. లెక్కల బలం వృథా కాదు, కెమిస్ట్రీ అడ్డురాదు, నగరపాలక సంస్థల్లోనూ బయటా టౌన్ ప్లానింగ్ ఉద్యోగాలుంటాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కొలువంత రాకపోవచ్చు, ఆ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి.

మక్కువ వేరు, చదువు వేరు అన్న మీ అనుమానంలో కొంత న్యాయం ఉంది, కాబట్టి ఒక పరీక్ష పెట్టండి. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. తాను చేత్తో గీసిన కాలనీ మ్యాపును కంప్యూటరులోకి ఎక్కించి చిత్రంతో సరిపోల్చమనండి. ఇది విసుగు పుట్టించే పని, నాలుగైదు వారాలు పడుతుంది, ఆదివారాలు రెండేసి గంటలు చాలు. విసుగును దాటి పూర్తిచేస్తే ఆ పిల్లకు చదువు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. మధ్యలో వదిలేస్తే అప్పుడు మళ్లీ రాయండి, వేరేగా ఆలోచిద్దాం. ఆడపిల్ల ఎండన పడి సర్వేలకు తిరగాలా అన్న మీ దిగులుకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికే ఎంతమంది ఆడపిల్లలు తిరుగుతున్నారో మీ కార్యాలయంలోనే అడిగి చూడండి.

ఎకరం సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ర్యాంకును బట్టి సీట్లిచ్చే కన్వీనర్ కోటా 70 శాతంలో సీటు రాని పిల్లను, ఇష్టం లేని బ్రాంచిలో, బి కేటగిరీ 30 శాతంలో కూర్చోబెట్టడానికి అన్నగారి పొలం అమ్మించకండి. ఒకసారి మీ కోసం కాడెడ్లను అమ్ముకున్నారు, రెండోసారి భూమి అమ్మనిస్తే ఆయన వృద్ధాప్యానికి మిగిలేదేమిటి? వద్దనే ఆత్మగౌరవం మీలో ఉందనుకుంటున్నాను.

ఇక మీరు గమనించని విషయం ఒకటి చెబుతాను. "వేసవి సెలవుల్లో పెద్దనాన్న వెంట చెరువు కట్టలు తిరిగి చెడిపోయింది" అని రాశారు. అలుగు ఏది, తూము ఎక్కడ, శిఖం భూమి అంటే ఏమిటి, పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లెలా దిగుతాయి, ఇవన్నీ ఆమెకు నేర్పింది ఆయనే. గొలుసుకట్టు చెరువుల లెక్క తెలిసిన రైతు, ఒకనాడు చదువు మానుకున్న మనిషి, తనకు తెలిసిన విద్యను మీ ఇంటి పిల్లకు అందించారు. ఇంట్లో ఒకరు కంప్యూటర్ ఇంజనీరు కావాలని ఆయన అన్నది ఊళ్లో పదిమంది పిల్లలను చూసి అన్న మాట కావచ్చు. తన చేతి విద్య ఈ మ్యాపుల్లో ఉందని ఆయనకు ఎవరు చెప్పారు?

కాబట్టి మీరు వెళ్లండి. ఫోనులో వద్దు, అమ్మాయిని వెంటబెట్టుకుని ఆమె చేత బతిమాలించడం అసలే వద్దు. ఒక్కరే వెళ్లి, భోజనాలయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ఆమె గీసిన షీట్లు, మీ ఊరి చెరువులు గీసినది ఉంటే ముఖ్యంగా అది, తీసుకెళ్లి మంచం మీద పరవండి. "నీ దగ్గర నేర్చుకున్నదే చదువుతానంటోంది, అన్నయ్యా" అని మొదలుపెట్టండి, మిగతాది ఆ షీట్లు చెబుతాయి. ఒకవేళ ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, ఎదురు వాదించకండి. "నా బిడ్డ చదువు విషయం మాత్రం నేను నిర్ణయించుకుంటాను, నీ ఆశీర్వాదం కావాలి" అన్న మాట తల వంచుకునే అయినా పూర్తిగా అనండి. నలభై ఎనిమిదేళ్ల వయసులో అన్నగారితో మీ అంతట మీరు చెప్పే మొదటి మాట అదే అవుతుందని మీ ఉత్తరాన్ని బట్టి నాకు అర్థమైంది. తిరిగొచ్చేటప్పుడు మోకాళ్లు చూపించడానికి ఆయనను వెంట తీసుకురండి, వారం రోజులు మీ ఇంట్లో ఉండనివ్వండి. పెద్దనాన్నకు కాలనీ నాలాలు చూపించే పని అమ్మాయి చూసుకుంటుంది. జేఈఈ మెయిన్ జనవరి పరీక్షకు దరఖాస్తు గడువు సంక్రాంతి సెలవుల దాకా ఆగదు, వచ్చే ఆదివారమే బయల్దేరండి.