చీనీ చిగుళ్లు పసుపెక్కితే మళ్లీ రాగి మందేనా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, సున్నపు నేల, ఆరేళ్ల చీనీ తోట. బంక కారుతోందని రెండు నెలల్లో నాలుగుసార్లు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, ఎకరాకు 300 లీటర్ల నీళ్లతో కొట్టాం. ఆఖరిసారి 19-19-19 ఎరువు కూడా కలిపాం. ఇప్పుడు లేతాకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఆకు ఆహారం తయారు చేయాలంటే రాగి కావాలి, ఇంకోసారి కొట్టమని షాపులో అంటున్నారు. కొట్టాలా?

జవాబు: వద్దండీ. షాపాయన చెప్పింది సగం నిజం. ఆకులో ప్లాస్టోసయానిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, దాని నడుమ ఉండేది ఒకే ఒక్క రాగి పరమాణువు. ఎండ తగిలినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్లను ఒక చోట అందుకుని ఇంకో చోట అందించడం దాని పని, వరసలో నిలబడి ఇసుక తట్టలు చేతులు మార్చే కూలీ లాగా. ఆ కూలీ రాకపోతే పని ఆగుతుంది, నిజమే. కానీ అందుకు కావలసిన రాగి ఎంత? ఎండిన ఆకు కిలోకు 5 నుంచి 15 మిల్లీగ్రాములుంటే చాలు. మీరు నాలుగు దఫాల్లో ఎకరాకు 1.8 కిలోల అసలు రాగి వేశారు, అది ఎక్కడికీ పోదు, పైమట్టిని పట్టుకుని అక్కడే ఉంటుంది.

రాగి ఎక్కువైతే పత్రహరితంలోని మెగ్నీషియాన్ని నెట్టేసి తాను కూర్చుంటుంది, పీచు వేళ్లను మొద్దుబారుస్తుంది, ఇనుము అందకుండా చేస్తుంది. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కడం ఇనుము లోపం గుర్తే, అసలే మీది సున్నపు నేల కూడా. నిజంగా రాగి తక్కువైన చీనీలో ఆకులు మొదట్లో పెద్దగా, ముదురు ఆకుపచ్చగా వస్తాయి, తర్వాత కొమ్మలు చివర్ల నుంచి ఎండుతాయి. మీరు చెప్పింది అది కాదు.

ఇనుము కోసం అన్నభేది (ఇనుము ఉప్పు), నిమ్మ ఉప్పు కలిపి కొడదామని ఇవాళే తొందరపడకండి. ఆకుల మీద పేరుకున్న రాగి ఆ పులుపుకు కరిగి ఆకు మాడుతుంది. 19-19-19 లాంటివి కూడా రాగి మందులో కలపకూడదు. మంచి వాన పడి ఆకులు కడుక్కుపోయాక, లేదా మందు పడని కొత్త చిగురు వచ్చాక అన్నభేది కొట్టండి. ఆకు పరీక్షకు కూడా ఆ కొత్త చిగురు ముదిరాకే కోయండి, మందు పడిన ఆకు ఇస్తే రిపోర్టులో రాగి ఎటూ ఎక్కువే చూపిస్తుంది.

బంకకు తోటంతా తడపనక్కర్లేదు. కుళ్లిన బెరడు గీకేసి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు చేసి మొదలుకు పూయండి, డ్రిప్ నీళ్లు కాండానికి తగలకుండా లేటరల్‌ను (డ్రిప్ సన్న పైపును) పక్కకు జరపండి.