మంచు కనుమల్లో ఒంటరి రైడ్: మీ ప్రశ్నలకు మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, దసరాకు పది రోజుల సెలవు దొరుకుతుంది. మనాలి నుంచి లేహ్‌కు ఒక్కడినే బండి మీద పోదామనుకుంటున్న. మొదటి రాత్రి సర్చూలో, రెండో రాత్రి లేహ్‌లో మకాం. బండి 350 సీసీ, కొత్తది. ప్లాన్ మంచిగనే ఉందా?
– ఒక పాఠకుడు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: తమ్మీ, నీ బండి గురించి నాకు రంది లేదు. నీ మొదటి రాత్రి మకాం గురించే రంది.

మనాలి 2,050 మీటర్ల ఎత్తుల ఉంటది. సర్చూ సుమారు 4,290. మూడు వేల మీటర్లు దాటినంక, పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని డాక్టర్లు చెప్తరు. నువ్వు ఒక్క పగటిల 2,200 మీటర్లు ఎక్కి అక్కడే పండుకుంట అంటున్నవ్. పగలంతా హుషారుగనే ఉంటది. రాత్రికి గాలి చాలక తలనొప్పి మొదలైతది, కడుపుల తిప్పుతది, నిద్ర పట్టదు. తెల్లారి అదే తలతోని గాటా లూప్స్ 21 మలుపులు ఎక్కాలె, లాచుంగ్‌లా (లా అంటే కనుమ) దాటాలె, ఆ తర్వాత 5,328 మీటర్ల తంగ్లంగ్‌లా. పక్కన దోస్తు ఉంటే "నీ మాట తడబడుతున్నది, బండి ఆపు" అంటడు. ఒంటరిగ పోయెటోనికి ఆ మాట చెప్పే మనిషి ఉండడు. గాలి చాలని మెదడు తన సంగతి తాను గుర్తుపట్టలేదు. అందుకే ఎక్కడ ఆగాలె, ఏ లక్షణం కనబడితే వెనక్కి మళ్లాలె అన్నది ఇక్కడ, ఇంట్ల నిమ్మళంగ ఉన్నప్పుడే కాగితం మీద రాసుకో. అక్కడ ఆ కాగితం చెప్పినట్టు విను.

నా మాటైతే శ్రీనగర్ నుంచి ఎక్కు. అది 1,585 మీటర్లు. జోజీలా 3,528, నమికాలా 3,700, ఫోటూలా 4,108. ఆ దారిల అంతకన్నా ఎత్తు లేదు, నడుమ రాత్రి కార్గిల్‌ల 2,700 మీటర్ల దగ్గర పండుకుంటవ్. 3,500 మీటర్ల లేహ్ చేరినంక రెండు రోజులు బండి ముట్టకు. వచ్చేటప్పుడు మనాలి వైపు దిగు, అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటది.

దీనికి పది రోజులు సాలవు. బండిని రైల్ల పార్సెల్ ఏసినా పోనురాను నాలుగు రోజులు దానికే పోతయి. ఇంకో వారం సెలవు దొరకకపోతే ఈసారికి లేహ్ వదిలెయ్. మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటు (9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబరులో తెరిచిన్రు), జిస్పా అనే ఊర్ల రెండు రాత్రులు ఉండు. మూడో పొద్దు బారాలాచా కనుమ దాకా, అంటే 4,890 మీటర్ల దాకా ఎక్కి, సాయంత్రానికి మళ్ల జిస్పాకే దిగు. కనుమ కిందనే సూరజ్ తాల్ చెరువు ఉంటది. దాని ఒడ్డున కాసేపు కూసుంటే లేహ్ పోలేదన్న బాధ నీకు ఉండదు.

ఇంకొక్క సంగతి. జులైల పోయివచ్చినోళ్లు "తెల్లారకముందే బయలుదేరు" అని చెప్తరు. ఆ మాట జులైకే. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతయి కాబట్టి అప్పుడు పొద్దుగాలనే దాటాలె. దసరా నాటికి వాగులు సన్నబడతయి. కానీ పగలు రోడ్డు మీద పారిన నీళ్లు రాత్రికి గడ్డ కడతయి. దాన్ని బ్లాక్ ఐస్ అంటరు. చూస్తే తడిసిన తారు లెక్కనే ఉంటది. కొండ నీడ పడే మలుపులల్ల ఎండ తగిలేదాక కరగదు. అక్కడ ముందు బ్రేకు పట్టినవా, చక్రం జారుడే. బండిని వంచకు, రెండో గేర్ల, యాక్సిలరేటర్ కదపకుండ, రెండు కాళ్లు కిందికి పెట్టి మెల్లగ దాటు. అసలైతే తొమ్మిది అయ్యేదాక డాబాల చాయ్ తాగుకుంట ఆగు. ఎదురుంగ వచ్చిన లారీ డ్రైవర్లను అడుగు, ఏ మలుపుల మంచు ఉందో వాళ్లు చూసే వచ్చి ఉంటరు.

ప్రశ్న: మా చిన్నోడు సద్దుల బతుకమ్మ నాడు కూడా ఇంట్ల ఉండడట, ఒక్కడే లదాఖ్ పోతడట. వద్దంటే వినడు. ఫోన్ కలవకపోతే నేనేం చెయ్యాలె?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అక్కా, ఫోన్ కలవదు. అది ముందే తెలిసి ఉండాలె. మనాలి దారిల జిస్పా దాటినంక లేహ్ దగ్గరి ఉప్షీ వచ్చేదాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. లదాఖ్‌ల మన ప్రీపెయిడ్ సిమ్ము పని చెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకొమ్మను. ఏ ఊర్ల నుంచి ఎన్నింటికి చేస్తడో రాయించుకో. చెప్పిన టైముకు రాకపోయినా మరునాడు మధ్యాహ్నం దాకా ఓర్చుకో, ఆ తర్వాత మీ పోలీస్ స్టేషన్‌కు పో. బండి నంబరు నీ దగ్గర ఉండాలె. జిస్పా అవతలి దార్చా చెక్‌పోస్టుల వచ్చిపోయే బండ్లు రాసుకుంటరు, ఎక్కడిదాక పోయిండో అక్కడ దొరుకుతది.

నువ్వు చెయ్యగలిగింది ఇంకోటి ఉంది, అది చాలా పెద్దది. కొడుకు గొంతు నీకంటే బాగ ఎవరికి తెలుసు? ఫోన్ చేసినప్పుడు "మంచిగున్నవా" అని అడిగితే మంచిగున్న అంటడు. అట్ల అడగకు. రాత్రి ఏం తిన్నవ్, నిద్ర పట్టిందా, గోలీ ఏసుకుంటే తలనొప్పి తగ్గిందా అని అడుగు. గీత మీద నడిచినట్టు ఒక కాలి మడమకు ఇంకో కాలి వేలు ఆనించి పది అడుగులు నడవమను. తూలితే, మాట ముద్దగ వస్తే, కూసున్న కాడనే ఆయాసపడితే, ఎత్తు ఎక్కొద్దు, అప్పటికప్పుడు కిందికి దిగాలె. సొంతంగ బండి నడుపొద్దని చెప్పు, అక్కడున్న ఆర్మీ క్యాంపునో టాక్సీ డ్రైవర్నో అడగమను. డయామాక్స్ గోలీలు (ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేతందుకు ఏసుకునేవి) మాత్రం బయలుదేరకముందే డాక్టర్‌ను అడిగి తీసుకోవాలె. సల్ఫా మందులు పడనోళ్లు ఆ మాట తప్పకుండ చెప్పాలె.

ప్రశ్న: నాది పాత కార్బురేటర్ బండి. పైన ఆగిపోతదని భయపెడుతున్నరు.
– సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: ఆగదు, బలం తగ్గుతది. 5,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగమే. కార్బురేటర్ గాలికి మించి పెట్రోలు పంపుతది, ప్లగ్గు నల్లగైతది. ఎఫ్ఐ బండి (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది) పెట్రోలు తగ్గించుకుంటది గని దానికి కూడా బలం రాదు. కొత్త ఎయిర్ ఫిల్టర్, ఒక స్పేర్ ప్లగ్గు, క్లచ్ వైరు పట్టుకపో. చడావుల క్లచ్ సగం పట్టి గుంజకు, ప్లేట్లు కాలుతయి. మొదటి గేర్లనే పోనీ. మనాలి దారిల అయితే తాండి బంకుల ట్యాంకు నింపి, అయిదు లీటర్లు విడిగ పెట్టుకో.

ప్రశ్న: చలికి చేతులు మొద్దుబారకుండ ఏం చెయ్యాలె సార్?
– ఒక ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్

జవాబు: సార్, సున్నా డిగ్రీలల్ల 50 స్పీడు మీద పోతే ఒంటికి మైనస్ 8 ఉన్నట్టు తగులుతది. లోపల పలుచని ఊలు గ్లౌజులు, వాటి మీద డాక్టర్లు వాడే రబ్బరు గ్లౌజులు, ఆ పైన రైడింగ్ గ్లౌజులు తొడగండి. పై గ్లౌజు వదులుగ ఉండాలె, బిగిస్తే రక్తం ఆడదు. ఛాతీ మీద జాకెట్ లోపల మడత పెట్టిన పేపరు పెట్టుకోండి, ఒళ్లు ఎచ్చగుంటేనే చేతులకు ఎచ్చదనం పోతది. డిసెంబర్ల తెల్లారకముందు కెరమెరి ఘాట్ ఎక్కి చూడండి. పైకి పోయి బండి ఆపి, గ్లౌజులు తియ్యకుండ తాళంచెవి జేబుల నుంచి తీసి, ఎనుక చక్రం ఊడదీసి మళ్ల బిగించండి. అది చేతనైతే మీ గ్లౌజులు సరిపోయినట్టే, లేకపోతే వేరేవి కొనండి.